నటుడు మధ్యలోనే ఉన్నాడు, మరి షాట్ ఎందుకు వంకర?

ప్రశ్న: షార్ట్‌ఫిల్మ్ కోసం కాలేజీ కారిడార్‌లో సిమెట్రీ షాట్ (రెండు పక్కలా ఒకేలా కనిపించే షాట్) పెట్టాం. నటుణ్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టినా ఫ్రేము ఒక పక్కకి లాగినట్టుంది. ఎందుకంటారు?

జవాబు: నటుడు మధ్యలో ఉంటే చాలదండీ, కెమెరా కూడా కారిడార్ నడిమి గీత మీదే ఉండాలి. గోడ నుంచి గోడకి టేపు పట్టి, సగం దగ్గర సుద్దగీత గీయండి. లెన్సు కింద దారానికి బరువు కట్టి వేలాడదీస్తే అది గీత మీద పడాలి.

తర్వాత కెమెరా తెర మీద గ్రిడ్ (అడ్డం, నిలువు గీతలు) ఆన్ చేసి చివరి ద్వారబంధాన్ని చూడండి. నిలువు కమ్ములు రెండూ ఒకే వైపు ఒరిగితే ట్రైపాడ్ లెవెల్ తప్పింది. పైకి పోయేకొద్దీ దగ్గరైతే కెమెరా పైకి చూస్తోంది. టిల్ట్ (కెమెరా పైకీ కిందికీ వంగడం) సున్నాకి తెచ్చి, ట్రైపాడ్ ఎత్తు పెంచండి. కమ్ములు నిటారుగా ఉండి పై అడ్డకమ్మి మాత్రమే వాలితే పాన్ కొంచెం తిరిగింది, అంటే కెమెరా ఎడమకో కుడికో చూస్తోంది.

4కే రిజల్యూషన్‌లో తీసి, అంతకంటే చిన్నదైన 1080కి దించితే చిన్న ఒరుగుడు ఎడిటింగులో సర్దుకోవచ్చు. కెమెరా పక్కకి జరిగిన తప్పు మాత్రం అక్కడ పోదు, అందుకే సుద్దగీత తప్పనిసరి.