జాన్ హాసెల్ ‘ఎర్త్‌క్వేక్ ఐలాండ్’ జాజ్ తెలియనివారికి ఎక్కుతుందా?

జాజ్ తెలియనివారికే ముందు ఎక్కుతుందని నా గట్టి నమ్మకం. తెలిసినవారు అమెరికా ట్రంపెట్ వాద్యకారుడు హాసెల్ చేసిన 1978 నాటి ఈ ఆల్బమ్‌కు జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ కొలబద్ద పెట్టి, అటూ కాదు ఇటూ కాదు అని పక్కన పడేస్తారు. తబలా వాయించిన బాదల్ రాయ్ అంతకు ముందు మైల్స్ దగ్గర వాయించినవాడే కాబట్టి ఆ పోలిక వారికి సులువుగా దొరుకుతుంది. బాస్ వాయించిన మిరోస్లావ్ విటోష్ ‘వెదర్ రిపోర్ట్’ జాజ్ బృందాన్ని మొదలుపెట్టినవారిలో ఒకడు. బ్రెజిల్ నుంచి నానా వాస్కొన్సెలోస్ తాళవాద్యాలు సరేసరి. ఇంత లయ హోరులో ట్రంపెట్ ఏం చేస్తోందో పట్టుకోవడానికి జాజ్ చదువు అక్కర్లేదు, చెవికి గమకం తెలిస్తే చాలు.

విశాఖ పాతనగరంలో, పూర్ణా మార్కెట్‌కు దగ్గర్లో, పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయించి మానేసిన మాస్టారు ఒకరున్నారు. ఒక సాయంత్రం ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి ఇది వినిపించాను. తబలాకు మోకాలి మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నవారు, ట్రంపెట్ అందుకోగానే చెయ్యి ఆపేశారు. “ఇతను సన్నాయి మనిషి దగ్గర నేర్చుకున్నాడా బాబూ?” అన్నారు. నేర్చుకున్నది గాత్రం వారి దగ్గర, హిందుస్తానీ గానంలో కిరాణా ఘరానా అనే సంప్రదాయానికి చెందిన పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర అని చెప్పాను. “అదీ సంగతి” అంటూ లేచి, పెట్టెలోంచి వెండిపూత పోయి ఇత్తడి బయటపడిన మౌత్‌పీస్ తీశారు. “మీటలు మూడే కదా, వాటితో మెట్లు దిగగలం. జారాలంటే పెదవి వదలాలి.” ట్రంపెట్ లేకుండా, ఆ చిన్న ముక్కతోనే గాంధారం నుంచి రిషభానికి ఎక్కడా తెగకుండా జారి చూపించారు. పై పెదవి కొద్దిగా వణికింది, బుగ్గలు మాత్రం కదలలేదు. హాసెల్ గురించి నేను చదివిన వ్యాసాలన్నీ కలిపినా ఇంత చెప్పలేదు.

ఇలాంటి విద్య ఉన్నవారిని ఈ ఊళ్లో ఇప్పుడు పిలిచేదెవరు? మొన్న మా బంధువుల పెళ్లిలో బ్యాండువారిని గేటు దగ్గరే ఆపేసి, లోపల డీజే పెట్టెలు మోగించారు. పెళ్లికొడుకు తాతగారికి గుండెదడ వచ్చి బయట కుర్చీ వేసుకుని కూర్చున్నారు! మన పిల్లలకు ట్రంపెట్ అంటే నేవీ డే వేడుకల్లో బీచ్‌లో వినేదే. ఆ వాయిద్యం కవాతుకు తప్ప పనికిరాదనుకుంటే వారి తప్పేముంది?

మీ ప్రశ్నకు వస్తే, ఫోను స్పీకరులో మాత్రం వినకండి, బాస్ సగం పోతుంది. మొదటిసారి తబలాతో పోండి, రెండోసారి దాన్ని వదిలేసి ట్రంపెట్ వెంట పడండి. అప్పటికీ ఎక్కకపోతే, 1980లో హాసెల్ ఇంగ్లండు సంగీతకారుడు బ్రయన్ ఈనోతో కలిసి చేసిన ‘పాసిబుల్ మ్యూజిక్స్’ చాలా నెమ్మది, దానితో మొదలుపెట్టండి. మాస్టారికి మాత్రం అది నచ్చలేదు. “తాళం నిద్రపోతోంది, లేపమను” అని ఇయర్‌ఫోన్లు తీసేశారు.