అడగండి చెబుతాం: సైనిక వ్యయంతో దేశం బాగుపడుతుందా?

ప్రశ్న: డిగ్రీ ఎకనామిక్స్ చదువుతున్నాను. డిబేట్‌లో "సైనిక వ్యయం ఆర్థికాభివృద్ధికి ఊతం" అన్న అంశానికి అనుకూలంగా మాట్లాడాలి. రెండో ప్రపంచ యుద్ధమే అమెరికాను మాంద్యం నుంచి బయటపడేసిందనీ, జీపీఎస్ లాంటివి సైన్యం డబ్బుతోనే వచ్చాయనీ రాసుకున్నాను. మా అన్నయ్య మాత్రం ఆ ఖర్చంతా దండగే అంటాడు. ఎవరి మాట నిజం?
- ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మీరు రాసుకున్న రెండు పాయింట్లూ నిజమే. వాటిని పట్టుకుని సైనిక వ్యయాన్ని ఉపాధి పథకంలా చూపించడం దగ్గరే నాకు పేచీ.

ముందు యుద్ధం సంగతి. 1940లో అమెరికాలో నిరుద్యోగం 14.6 శాతం. 1944కి అది 1.2 శాతానికి దిగింది. అయితే యుద్ధానికి ముందు ఫ్యాక్టరీలకు పూర్తిగా పని లేదు, లక్షలాది మంది పని కోసం ఎదురుచూస్తున్నారు. అలాంటప్పుడు ప్రభుత్వం దేనిమీద డబ్బు పెట్టినా కదలిక వస్తుంది. పైగా కోటిమందికి పైగా యూనిఫాం వేసుకుని వెళ్లిపోతే నిరుద్యోగులు ఇంకెక్కడ మిగులుతారు? 1942లో మామూలు కార్ల తయారీ ఆగిపోయింది. చక్కెరకూ పెట్రోలుకూ రేషన్ పెట్టారు. జనం చేతిలో జీతం ఉంది కానీ కొనుక్కోవడానికి సరుకు లేదు. యుద్ధం ముగిశాక సైనిక వ్యయం ఒక్కసారిగా పడిపోయింది. మళ్లీ మాంద్యం తప్పదని చాలామంది ఆర్థికవేత్తలు భయపడ్డారు కానీ అది రాలేదు. 1947లో నిరుద్యోగం 4 శాతం దగ్గరే ఉంది. కథలోని ఈ రెండో సగాన్ని అవతలి జట్టు తప్పకుండా తీస్తుంది, సిద్ధంగా ఉండండి.

ఇక ఉద్యోగాలు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలోని 'కాస్ట్స్ ఆఫ్ వార్' ప్రాజెక్టు 2017లో ఒక లెక్క వేసింది. అమెరికా ప్రభుత్వం పది లక్షల డాలర్లు రక్షణ మీద పెడితే దాదాపు 7 ఉద్యోగాలు వస్తాయి. అదే డబ్బు ఆరోగ్యం మీద పెడితే 14, పాఠశాలల మీద పెడితే 19. కారణం తేలికే. బడికిచ్చిన డబ్బులో ఎక్కువ భాగం జీతాలకే పోతుంది. క్షిపణికిచ్చిన డబ్బులో చాలావరకు ఖరీదైన యంత్రాలు, లోహాలు, ఎలక్ట్రానిక్ భాగాలు మింగేస్తాయి. రక్షణ పరిశ్రమలో జీతాలు మెరుగ్గా ఉంటాయన్నది కూడా నిజమే. కానీ ఉపాధే లక్ష్యమైతే దానికి ఇది చాలా ఖరీదైన దారి.

అంతకంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. ఉద్యోగాల పేరు చెప్పడం మొదలైతే, సైన్యం వద్దన్నదాన్ని కూడా కొనిపిస్తారు. 2012లో అమెరికా సైన్యాధిపతి స్వయంగా పార్లమెంటు ముందుకొచ్చి, కొత్తగా మెరుగుపరిచిన అబ్రామ్స్ ట్యాంకులు ప్రస్తుతానికి మాకు అక్కర్లేదన్నారు. అయినా సభ్యులు డబ్బు మంజూరు చేశారు. ఒహాయో రాష్ట్రంలోని లైమా ఫ్యాక్టరీ మూతపడకూడదన్నదే అసలు పట్టుదల. ఆ కార్మికుల టెన్షన్ నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ వాళ్లకు సాయం చేయడానికి ట్యాంకు ఒక్కటే మార్గమా?

నేను ఏ దేశపు రక్షణ బడ్జెట్ చూసినా ముందు నిర్వహణ పద్దు వెతుకుతాను. ఏనుగును కొనడం ఒక ఎత్తు, మేపడం ఒక ఎత్తు. ఎఫ్-35 యుద్ధ విమానాలనే తీసుకోండి. అమెరికా తన విమానాలన్నీ సమకూర్చుకోవడానికి అయ్యే ఖర్చు 44,000 కోట్ల డాలర్ల పైచిలుకు. వాటిని జీవితకాలమంతా నడపడానికి, మరమ్మతు చేయడానికి మరో 1,58,000 కోట్ల డాలర్లు కావాలని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2024లో చెప్పింది. కొనేరోజు పేపర్లో వచ్చేది మొదటి అంకె ఒక్కటే.

జీపీఎస్ మాత్రం మీ బలమైన పాయింట్. మొదటి ఉపగ్రహం 1978లో వెళ్లింది. 1983లో దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యూనియన్ కూల్చేశాక, దీన్ని అందరికీ ఉచితంగా ఇస్తామని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వం ప్రకటించింది. పౌరులకిచ్చే సంకేతం అంత కచ్చితంగా ఉండకూడదని కావాలని ఉంచిన తేడాను 2000 మే నెలలో తీసేశారు. అక్కడి నుంచే అది మామూలు జనానికి కచ్చితంగా దారి చూపడం మొదలుపెట్టింది. ఈ లాభం పరిశోధన పద్దుది, ఫలితాన్ని అందరికీ తెరిచిపెట్టిన నిర్ణయానిది. ఆయుధాలన్నీ బయటి నుంచి కొనే దేశానికి ఇది దక్కదు. 2016లో సౌదీ అరేబియా తన సైనిక వ్యయంలో 2 శాతమే దేశంలో ఖర్చవుతోందని ఒప్పుకుని, 2030కి సగానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది.

మరి అన్నయ్య మాట? అదీ సరికాదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌ను రెండు రోజుల్లో ఆక్రమించాయి. మరుసటి ఏడాది వెనక్కి వెళ్తూ 600కు పైగా చమురు బావులకు నిప్పుపెట్టాయి. చివరి బావిని మూసేసరికి నవంబరు వచ్చింది. అలాంటి దాడిని రాకుండా ఆపగలిగిన సైన్యం ఎంత మిగిల్చిందో ఏ బడ్జెట్‌లోనూ కనపడదు. కనపడనంత మాత్రాన అది సున్నా కాదు. మీరు డిబేట్‌లో నిలబడాల్సింది ఈ వాదన మీదే. దానికి హద్దు కూడా మీరే చెప్పండి: పొరుగు దేశం కొన్నదని మనం, మనం కొన్నామని పొరుగు దేశం కొంటూ పోతే ఇద్దరికీ ఖర్చు పెరుగుతుంది, భద్రత పెరగదు. 2024లో ప్రపంచ సైనిక వ్యయం 2,71,800 కోట్ల డాలర్లకు చేరిందని స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క. అందులో ఇలాంటి పోటీ వాటా చిన్నదని నేను అనుకోను.

ప్రశ్న: సైన్యమే లేని దేశాలు కూడా ఉన్నాయంటారు. వాటికి ఆ డబ్బంతా మిగిలినట్టేనా?
- ఒక పాఠకుడు

జవాబు: చాలావరకు మిగిలినట్టే, కానీ వాటి భద్రత గాల్లోంచి రాలేదు. కోస్టారికా 1948 డిసెంబరు 1న సైన్యాన్ని రద్దు చేసి, మరుసటి ఏడాది రాజ్యాంగంలో రాసుకుంది. పోలీసులను ఉంచుకుంది. అమెరికా ఖండాల దేశాల రక్షణ ఒప్పందం దానికి అండగా ఉంది. 2010లో సరిహద్దు నది దగ్గర నికరాగ్వా చొరబడినప్పుడు అది అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఆ భూమి కోస్టారికాదేనని 2015లో తీర్పొచ్చింది. 2018లో కోర్టు నష్టపరిహారంగా 3,78,890 డాలర్లు ఖరారు చేస్తే, నికరాగ్వా ఆ డబ్బు కట్టేసింది.