వాచ్‌మన్ ఎందుకు చెప్పాలి?

ప్రశ్న: కీల్పాక్‌లో ఒక పాత బంగళా చుట్టూ దెయ్యం కథ రాశాను. కొత్తగా అద్దెకు దిగిన దంపతులకు, నెల్లూరు నుంచి వచ్చిన వాచ్‌మన్ మొదటి పేజీలోనే మేడమీద గదిలో ఒక పెళ్లికూతురు చనిపోయిన సంగతి చెబుతాడు. చదివినవాళ్లంతా టెన్షన్ లేదంటున్నారు. విక్టోరియా కాలపు ఇంగ్లిష్ కథల్లోనూ ఇలాంటివి పనివాళ్లే చెబుతారు కదా, అక్కడెలా కుదిరింది?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అక్కడ వాళ్లు అంత సులువుగా చెప్పరమ్మా. చెప్పబోయి ఆగిపోతారు.

ఎలిజబెత్ గాస్కెల్ 1852లో రాసిన ‘ది ఓల్డ్ నర్సెస్ స్టోరీ’ చూడండి. హెస్టర్ అనే ఆయా, తల్లీతండ్రీ లేని పసిపిల్లను వెంటబెట్టుకుని ఒక పెద్ద భవంతికి వస్తుంది. చలికాలం రాత్రుళ్లు ఎవరో ఆర్గాన్ వాయిస్తున్నట్టు వినబడుతుంది. అడిగితే, అది చెట్లలో గాలి చప్పుడని నౌకరు జేమ్స్ కొట్టిపారేస్తాడు. అతని భార్య డొరొతీ భయంగా మొగుడి వైపు చూస్తుంది. వంటింటి పనిపిల్ల బెస్సీ ఏదో గొణుగుతుంది, ముఖం పాలిపోతుంది. దెయ్యం ఇంకా గడపలోకి రానేలేదు, మనకు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది. కాలేజీలో ఈ కథ చెప్పే రోజుల్లో పిల్లలు కదలకుండా వినేది ఇక్కడే.

తర్వాత బెస్సీ, తన పేరు బయటపెట్టొద్దని మరీమరీ చెప్పి, చనిపోయిన పాత ప్రభువే వాయిస్తాడని జనం అనుకుంటారంటుంది. ఆయన ఎవరో, గాలివాన రాత్రుళ్లే ఎందుకు వాయిస్తాడో చెప్పదు. హెస్టర్ వెళ్లి ఆర్గాన్ తెరిచి చూస్తే లోపలంతా విరిగిపోయి ఉంటుంది!

బెస్సీ భయానికి బలమైన కారణం ఉంది. ఆ కాలపు ఇంగ్లండులో చాలామంది పనివాళ్లకు తిండీ పడకా యజమాని ఇంట్లోనే. ఇంటి గుట్టు బయటపెడితే పని పోతుంది. ఫలానావాళ్లు నమ్మకస్తులని యజమాని ఉత్తరం రాసివ్వకపోతే ఇంకో ఇంట్లో పని దొరకడం కష్టం. దెయ్యానికెంత భయపడతారో, కూడు పోతుందనీ అంత భయపడతారు. అందుకే ఆ మౌనాన్ని మనం నమ్ముతాం.

మరికొందరికి తాము చెబుతున్నదేమిటో తమకే తెలియదు. ఎం.ఆర్. జేమ్స్ ‘లాస్ట్ హార్ట్స్’ (1895)లో మిసెస్ బంచ్ అనే పెద్దావిడ పిల్లాడి రాత్రి చొక్కా కుడుతూ, ఇలా ఎలా చింపుకున్నావని కోప్పడుతుంది. ఆ చీలికలు ఛాతీకి ఎడమవైపున, వరసగా, గోళ్లతో గీరినట్టుంటాయి. ఆవిడకది కుట్టుపని. చదివే మనకు గుండె ఆగినంత పనవుతుంది. డికెన్స్ ‘ది సిగ్నల్‌మ్యాన్’ (1866) చివర్లో ఇంజన్ డ్రైవర్ టామ్ కూడా అంతే. పట్టాల మీదున్న సిగ్నల్‌మ్యాన్‌ను హెచ్చరిస్తూ తానేమని అరిచాడో చెబుతాడు, అంతకుముందు దెయ్యం అరిచిందీ ఆ మాటలేనని అతనికి తెలియదు.

ఇక మీ వాచ్‌మన్. అద్దెకొచ్చినవాళ్లు భయపడి వెళ్లిపోతే ఓనర్ ఊరుకుంటాడా? పెరట్లో రేకుల గదిలో అతని పెళ్లాంబిడ్డలుంటే, అతనెందుకు నోరు విప్పుతాడు? ‘‘పైన దోమలెక్కువ సార్, కిందే పడుకోండి’’ అంటాడు. మర్నాడు వంటావిడ, పైగది సీలింగు కారుతుందంటుంది. ఎండాకాలంలో! ఇద్దరి మాటా కలవకపోవడం ఆ ఇల్లాలు గమనించాలి. పెళ్లికూతురి సంగతి కథ సగం దాటాక వంటావిడ నోట రానివ్వండి, అదీ సగమే. మిగతా సగం వాచ్‌మన్ దగ్గరే ఉంచి, మొదటి పేజీ మళ్లీ రాయండి.