లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరుతున్న మేనకోడలికి

సిరీ,

నీట్‌లో సీటు అందకపోయినా కుంగిపోకుండా "మళ్లీ రాస్తాను" అని నువ్వే అన్నావట. మీ నాన్న ఫోన్‌లో చెబుతుంటే గర్వంగా అనిపించింది. విజయవాడలో హాస్టల్ అనేసరికి మాత్రం గుండె జారింది. జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని కదా, తెల్లవారుజామున స్టడీ అవర్లో పుస్తకం మీద తల వాల్చేసే పిల్లల్ని చూసీ చూసీ నాకీ భయం పట్టుకుంది.

చదువు సంగతి నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వదలకు. తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారు కాబట్టి ఊహించి బబుల్ నింపకు.

చెప్పాల్సింది మీ నాన్న గురించి. వాడు నీకెప్పుడూ చెప్పి ఉండడు. మెడిసిన్ కోసం 1991లో వాడూ గుంటూరులో హాస్టల్లో ఉండి రెండోసారి ఎంసెట్‌కు చదివాడు. వారం వారం పరీక్ష, నోటీసు బోర్డు మీద ర్యాంకులు. ర్యాంకు పడిపోయిన వారం నుంచి రాత్రి భోజనం మానేశాడు. మెస్ ముందు వరసలో నిలబడే అరగంట కలిసొస్తుందని వాడి లెక్క. ఆ తర్వాత నిద్రలో కోత పెట్టాడు. ఇంటికి రాసే కార్డులో మాత్రం ఎప్పుడూ ఒకటే ముక్క: "ఇక్కడ క్షేమం, బాగా చదువుతున్నాను." తాతయ్య ఆ కార్డును అరుగు మీద కూర్చున్న వాళ్లందరికీ చదివి వినిపించేవారు.

సంక్రాంతికి వచ్చాడు. స్నానానికి వెళ్తూ బెల్టు తీసి దండెం మీద వేశాడు. దానికి మేకుతో పొడిచిన కొత్త రంధ్రాలు రెండు ఉన్నాయి. ఒకటి వంకరపోయి తోలు చిరిగింది. నాన్నమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని "ఇదెవరు పొడిచార్రా?" అంది. మెస్‌లో వంటాయన్ని మేకు అడిగి తానే పొడుచుకున్నాడట! ఆయన్ని అన్నం మాత్రం అడగలేదు. పండగ పూట రెండు అరిసెలు తిని అరగక వాంతి చేసుకున్నాడు. అయినా కనుమ మర్నాడే బస్సెక్కించారు. వేసవిలో పరీక్ష హాల్లో కూర్చుంటే, హాస్టల్లో పక్కవాళ్లకు తాను నేర్పిన ఫిజిక్స్ లెక్కలే చేతికి రాలేదు. చదివింది మెదడులో బాగా కుదురుకునేది నిద్రలో. ఆ నిద్రనే వాడు అమ్ముకున్నాడు. మార్కు తగ్గితే ఒంటిని శిక్షించాలని వాడికి ఎవరు నేర్పారో!

అందుకే ముందే తిట్టిపెడుతున్నాను. రాత్రి పదకొండు దాటాక పుస్తకం పట్టుకున్నావని తెలిస్తే ఊరుకోను. మార్కులు మా దగ్గర దాచుకున్నా పర్వాలేదమ్మా. అన్నం సహించకపోవడం, నెలసరి తప్పడం, ఒకే పేజీ నాలుగుసార్లు చదివినా ఎక్కకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం, ఇవి దాచకు. హాస్టల్ ఫోన్ దగ్గర వెనక పదిమంది నిలబడి ఉంటారు, మాట పెగలదు. "అత్తా, బెల్టు" అను చాలు, నేను బయల్దేరి వస్తాను. నాకూ చెప్పలేనిదైతే 14416కు ఫోన్ చెయ్యి. అది మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, పేరు టెలి మానస్. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు పడదు. నంబరు నోట్సు అట్ట లోపల రాసుకో.

చేర్పించే రోజు కౌన్సెలర్ ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో నాన్నను అడగమను. విశాఖలో నీట్‌కు చదువుతూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంతవరకు మానాలంది. తీర్పులో ఉన్నవన్నీ హాస్టల్లో ఉండవని నాకూ తెలుసు. అడిగిన తండ్రి కూతురిని మాత్రం వాళ్లు కాస్త గుర్తుపెట్టుకుంటారు.

ఫీజు రసీదు జాగ్రత్త. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టిన డబ్బు పోతుందన్న బెంగతో అక్కడే ఉండిపోకు. దసరాకు వచ్చేసినా మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. బయాలజీ నేను చెబుతాను. ఫిజిక్స్‌కు మాత్రం ఎవరినైనా వెతకాలి. అది నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు.

మీ అత్త