ర్యామ్ కొనే ముందు లాగ్ ఫైల్ చదువు

అల్లుడూ,

నువ్వు పంపిన లాగ్ ఫైల్ (ఎప్పుడు ఏం జరిగిందో సర్వర్ రాసుకునే ఫైలు) ఫోటో అందింది. ఎండాకాలం సెలవులకు చుట్టాల పిల్లలంతా నీ మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో చేరారు, గేమ్ ఆగి ఆగి చివరికి సర్వరే పడిపోతోంది, ఇంకో 8 జీబీ ర్యామ్ కొనిమ్మని మీ అమ్మను సతాయిస్తున్నావు. ఆ ర్యామ్ సంగతి జర ఆపు. ఎక్కడ ఆగుతోందో తెలియకుండా పైసలు పెట్టొద్దు.

ముందు ఇది నెట్టు గోలా, సర్వర్ గోలా తేల్చుకో. మంచిర్యాల పిల్లాడు ఒక్కడికే ఆగి ఆగి వస్తూ మిగతా వాళ్లు మంచిగ ఆడుతుంటే అది వాడి నెట్టు, నువ్వు చేసేదేం లేదు. పగలగొట్టిన బ్లాక్ అందరికీ మళ్లీ వచ్చి కూర్చుంటే, ఆవులూ గొర్రెలూ ఉన్నచోటే నిలబడిపోతే, అప్పుడు నీ మిషన్‌నే అనుమానించాలి.

సర్వర్ ఆ ప్రపంచం మొత్తాన్ని సెకనుకు 20 సార్లు లెక్క కడుతుంది. ఒక్కో విడత ఒక టిక్, దానికి గడువు 50 మిల్లీసెకన్లు. అది దాటి బాగా వెనకబడితే లాగ్‌లో ‘కాంట్ కీప్ అప్’ (అందుకోలేకపోతున్నా) అని పడుతుంది. సర్వర్ లేచేటప్పుడు ఒకసారి కనిపిస్తే వదిలెయ్. ఆట మధ్యలో పదే పదే వస్తుంటే మాత్రం పట్టించుకో. ఒక్క టిక్కే 60 సెకన్లు దాటిందంటే వాచ్‌డాగ్ (సర్వర్ బిగుసుకుపోయిందా అని కాపలా కాసే భాగం) సర్వర్‌ను చంపేస్తుంది. వాచ్‌డాగ్‌నే ఆపెయ్యమని నీ దోస్తులు ఎవరో ఒకరు చెప్తారు. వినకు. అది చంపకపోతే సర్వర్ బిగుసుకుపోయి అట్లనే ఉంటుంది, అంతే తేడా.

నువ్వు వాడేది ‘పేపర్’ అనే రకం మైన్‌క్రాఫ్ట్ సర్వర్ కాబట్టి ఒక సౌకర్యం ఉంది. 10 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే చాలు, అప్పుడు ఏ పని మీద ఉందో లాగ్‌లో రాసి పెడుతుంది. ‘ఇది బగ్ కాదు, క్రాష్ కాదు, పేపర్ వాళ్లకు రిపోర్ట్ చేయకండి’ అని ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో ఉంటుంది చూడు, దాని కిందే. నువ్వు ఫోటో తీసింది అన్నిటికంటే చివరి వరుసలు, వాటితో పని కాదు. పైకి పో. ‘సర్వర్ థ్రెడ్’ అన్న చోట ఆగి, దాని కింద వరుసలు ఒక్కొక్కటీ చదువు. అన్నీ అర్థం కానక్కర్లేదు. ఏదైనా ప్లగిన్ (సర్వర్‌కు నువ్వు అదనంగా తగిలించిన ప్రోగ్రామ్) పేరు కనిపిస్తే దాన్ని తీసి ఒక రోజు నడిపి చూడు. ‘చంక్’ (నేల ముక్క), ‘జనరేటర్’ లాంటి మాటలు ఉంటే కొత్త నేల తయారు చేయలేక చస్తోందని అర్థం.

నా అనుమానం ఈ చివరి దాని మీదే. అందరికీ ఎలిట్రా రెక్కలు దొరికాయని, నలుగురు నాలుగు దిక్కులకు ఎగిరిపోతున్నారని నువ్వే చెప్పావు. ఎవరూ పోని చోటికి పోతే ఆ నేలంతా అప్పటికప్పుడు పుట్టాలి. వ్యూ డిస్టెన్స్ (చుట్టూ ఎంత దూరం నేల చూపించాలో చెప్పే సెట్టింగ్) 10 ఉంటే ఒక్కో ఆటగాడి చుట్టూ 21 ఇంటూ 21, అంటే 441 చంకులు. దాన్ని 6 చెయ్, 169కి దిగుతుంది. సిమ్యులేషన్ డిస్టెన్స్, అంటే ఆవులూ గొర్రెలూ ఎంత దూరం వరకు కదలాలో చెప్పేది, 5 చాలు. ఆ తర్వాత నడిమి నుంచి నాలుగు వైపులా 5,000 బ్లాకుల దగ్గర ఎవరూ దాటలేని వరల్డ్ బోర్డర్ పెట్టి, ‘చంకీ’ అనే ప్లగిన్‌తో లోపలి నేలంతా ముందే తయారు చేయించు. దాదాపు 3.9 లక్షల చంకులు అవుతాయి, చాలా గంటలు పడుతుంది. పిల్లలు పడుకున్నాక మొదలుపెట్టు.

ర్యామ్ తక్కువైతే చాలావరకు లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని తిన్నగా రాసి ఉంటుంది. అది లేకుండా కొనడం దండగ. టిక్ పని ఎక్కువగా ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద నడుస్తుంది, ర్యామ్ పెరిగితే దాని వేగం పెరగదు. ఇంకోటి, మిషన్‌లో 8 జీబీ ఉంటే సర్వర్‌ను నడిపే జావాకు 8 జీబీ రాసివ్వకు. విండోసో లినక్సో, దానికీ కొంత మిగలాలి కదా. లినక్స్ అయితే, మెమరీ చాలనప్పుడు ఏ మాటా రాయనివ్వకుండానే సర్వర్‌ను చంపేస్తుంది. లాగ్ మధ్యలో తెగిపోయి ఉంటే ఆ పనో, కరెంటు పోవడమో అయ్యుంటుంది.

కూలిన టైములు కూడా చూడు, ప్రతి వరుస పక్కనా గంట, నిమిషం ఉంటాయి. అన్నీ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపలే పడుతున్నాయా? గోదావరిఖనిలో మే నెల, పైన రేకుల గది, అందులో నీ సీపీయూ. 95, 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, పొద్దున ఆడిన గేమ్ మధ్యాహ్నం ఆడదు. మిషన్‌ను కింద కూలర్ ఉన్న గదిలోకి దించు. గాలికి ఎదురుగా పెట్టకు, తేమ మంచిది కాదు. పక్క డోర్ తీసి ఫ్యాన్‌లో దుమ్ము దులుపు. మీ ఊళ్లో బొగ్గు దుమ్ము ఎంత పడుతుందో నీకు నేను చెప్పాలా?

ఇవన్నీ ఒకే రోజు చెయ్యకు. ఒకటి మార్చు, ఒక సాయంత్రం ఆడనివ్వు, చూడు. మార్చే ముందు సర్వర్ ఆపి వరల్డ్ ఫోల్డర్ కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టు. వాళ్లు కట్టుకున్న ఇళ్లు పోతే నీ మీద పడి ఏడుస్తారు, మీ అమ్మ నాకు ఫోన్ చేస్తుంది.

అప్పటికీ ఈ గోల ఆగకపోతే, అందరూ ఆడుతూ గేమ్ ఆగి ఆగి వస్తుండగా స్పార్క్ ప్రొఫైలర్ (ఏ పని ఎంత టైము తింటోందో కొలిచేది) ఓ ఐదు నిమిషాలు నడుపు. ఆపగానే ఒక లింక్ ఇస్తుంది. అదీ, లాగ్ ఫైలూ నాకు వాట్సాప్ చెయ్. ఫైలు పంపు, ఫోటో కాదు.

మీ మామ,
హనుమకొండ