చెమట ఆరని రాత్రి: సింగపూర్ రేసు మీద మీ ప్రశ్నలు

2026 అక్టోబర్ 9, 10, 11 తేదీల్లో సింగపూర్ మరీనా బే వీధుల్లో ఫార్ములా వన్ పోటీ. ఈ సర్క్యూట్‌లో మొదటిసారి స్ప్రింట్ (అసలు రేసుకు ముందు జరిగే పొట్టి రేసు) కూడా పెడుతున్నారు, అంటే ఒకే వారాంతంలో రెండు పోటీలు. వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ అక్కడి వేడి గురించే ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: రేసు మొదలయ్యేది రాత్రి 8 గంటలకు. నెత్తిన ఎండ ఉండదు, థర్మామీటరు 28 దగ్గర ఉంటుంది. ఈ మాత్రానికే డ్రైవర్లు అంతగా సొమ్మసిల్లిపోతారా?

జవాబు: అక్కడ ప్రాణం తీసేది ఎండ కాదండీ, ఉక్కపోత. సింగపూర్ భూమధ్యరేఖకు డిగ్రీన్నర దూరంలో కూడా లేదు. చుట్టూ సముద్రం. పొద్దు గుంకాక ఎడారి చల్లబడుతుంది కానీ ఈ ఊరు చల్లబడదు. రాత్రి 8కి కూడా తేమ 80 శాతం దగ్గర ఉండటం మామూలే.

చెమట కారినందువల్ల ఒళ్లు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. గాలి ముందే తేమతో నిండి ఉంటే ఆ చెమట ఆవిరి కాక ఊరికే కారిపోతుంది. నీరూ ఉప్పూ పోతాయి, చల్లదనం మాత్రం రాదు. 28 డిగ్రీల వేడికి 80 శాతం తేమ తోడైతే శరీరానికి 32 లాగా అనిపిస్తుంది. 30 డిగ్రీలకు అదే తేమ కలిస్తే 38.

ఇక డ్రైవర్ ఒంటి మీద ఏముందో చూడండి. నిప్పంటుకోని నోమెక్స్ గుడ్డతో పొడుగు చేతుల బనీను, కాళ్ల నిండా లోపలి లాగు, సాక్సులు, తలకూ మెడకూ బాలాక్లావా, వాటి మీద పొరలు పొరలుగా కుట్టిన సూటు, గ్లవ్స్, హెల్మెట్. గాలి తగిలే చర్మమే లేదు. వీపు వెనక ఇంజిన్, పక్కల రేడియేటర్లు, చుట్టూ ఎలక్ట్రానిక్ పెట్టెలు. కాక్‌పిట్‌లో 50 డిగ్రీలు దాటుతుంది. ఇదంతా గంటా నలభై నిమిషాలు. పైగా 19 మలుపుల వీధి ట్రాక్ కాబట్టి చేతులకు తెరిపి ఇచ్చే పొడవాటి స్ట్రెయిట్లు తక్కువ, గోడలు దగ్గర. ఏకాగ్రత ఒక్క క్షణం జారితే కారు గోడకే తగులుతుంది.

ప్రశ్న: 'హీట్ హజార్డ్' అని ప్రకటిస్తారట. అప్పుడు ఏం మారుతుంది? చల్లటి చొక్కా అందరూ ఎందుకు వేసుకోరు?

జవాబు: దీనికి మూలం 2023 ఖతార్ రేసు. ఆ రాత్రి లోగన్ సార్జెంట్ మధ్యలోనే తప్పుకున్నాడు, ఎస్టెబాన్ ఓకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత ఈ పోటీలకు నిబంధనలు పెట్టే సంస్థ ఎఫ్‌ఐఏ ఒక గీత గీసింది. స్ప్రింట్ లేదా రేసు సమయంలో హీట్ ఇండెక్స్ 31 డిగ్రీలు దాటుతుందని వాతావరణ సూచన వస్తే హీట్ హజార్డ్ ప్రకటిస్తారు. గ్రాండ్ ప్రీలో మొట్టమొదటిసారి ప్రకటించింది 2025లో, సింగపూర్‌లోనే. హీట్ ఇండెక్స్ అంటే ఉష్ణోగ్రతా తేమా కలిపి లెక్కగట్టినది. పై లెక్క చూస్తే 28 డిగ్రీల రాత్రి కూడా ఆ గీత ఎలా దాటుతుందో తెలుస్తుంది.

2025 నిబంధన ప్రకారం ప్రకటన వెలువడగానే ప్రతి కారులో డ్రైవర్‌ను చల్లబరిచే పరికరం బిగించాలి. దాని బరువు కోసం కారు కనీస బరువును 5 కిలోలు పెంచుతారు. చొక్కా వేసుకోవాలా వద్దా అన్నది మాత్రం డ్రైవర్ ఇష్టం. వద్దంటే ఆ కారులో అర కిలో అదనపు బరువు పెట్టాలి, వేసుకున్నవాడు నష్టపోకూడదు కదా.

ఆ చొక్కాలో సన్నటి గొట్టాలు వరుసలుగా కుట్టి ఉంటాయి. చిన్న పంపు చల్లటి ద్రవాన్ని వాటిలో తిప్పుతుంది. చిక్కులు రెండు. ఒకటి, బ్రేకు వేసినప్పుడు శరీరం 4, 5 జీల బలంతో (అంటే సొంత బరువుకు నాలుగైదు రెట్లు) బెల్టుల మీదికి వాలుతుంది. బెల్టు కింద ఉన్న గొట్టం ఛాతీలోకి గుచ్చుకుంటుంది, ఒక్కోసారి నలిగి ప్రవాహం ఆగుతుంది. రెండోది ఇంకా పెద్దది. పెట్టెలో దాచిన చల్లదనం రేసు సగంలోనే అయిపోతే, గొట్టాల్లో తిరిగేది వేడి ద్రవమే. అప్పుడది చొక్కా కాదు, కంబళి. ఇష్టపడని డ్రైవర్లను తప్పుపట్టలేం. అయినా మా అభిప్రాయం చొక్కా వైపే. చివరి 20 ల్యాప్‌లలో (ల్యాప్ అంటే ట్రాక్ మీద ఒక చుట్టు) పనిచేయకపోయినా మొదటి 40 ల్యాప్‌లలో ఒంటి వేడి పెరగకుండా ఆపిందంటే అది చిన్న మేలు కాదు.

ప్రశ్న: రేసులో 3 కిలోలు తగ్గుతారంటారు, నిజమేనా? మరి లోపల నీళ్లు తాగవచ్చు కదా?

జవాబు: 2 నుంచి 3 కిలోలు తగ్గడం నిజమే, అందులో దాదాపు అంతా నీరే. 70 కిలోల మనిషికి 3 కిలోలంటే 4 శాతం పైమాటే. 2 శాతం తగ్గినప్పుడే చురుకుదనం మందగించడం మొదలవుతుంది. సీసా ఉంటుంది, లీటరు నుంచి లీటరున్నర. స్టీరింగ్ మీద మీట నొక్కితే గొట్టం ద్వారా నోట్లోకి వస్తుంది. కానీ ఇంజిన్ వేడికి పది ల్యాప్‌లు తిరిగేసరికి అది టీ అంత వేడెక్కుతుంది, తాగబుద్ధి కాదు. కొన్నిసార్లు పంపు పనిచేయదు.

అందుకే అసలు సన్నాహం ముందే జరగాలి. ఒకటి రెండు వారాలు రోజూ వేడి గదిలో సైకిల్ తొక్కడం, ఆవిరి స్నానం చేయడం లాంటివి చేస్తే రక్తంలో ప్లాస్మా పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఆపేస్తే రెండు మూడు వారాల్లో ఈ అలవాటు పోతుంది కాబట్టి వేసవిలో చేసిన కసరత్తు అక్టోబర్‌కు అక్కరకు రాదు. రేసుకు ముందు ఐసు తొట్టిలో కూర్చోవడం, ఐసు తువ్వాలు మెడకు చుట్టుకోవడం మీరు టీవీలో చూసే ఉంటారు. ఒంటి వేడిని కాస్త కిందనుంచి మొదలుపెడితే పైగీత చేరడానికి ఎక్కువసేపు పడుతుందని.

ఇంకో సంగతి, జట్లు అక్కడ యూరప్ గడియారం ప్రకారమే నడుస్తాయి. తెల్లవారుజామున పడుకుని మధ్యాహ్నం లేస్తారు. అక్కడి రాత్రి 8 అంటే మధ్య యూరప్‌లో మధ్యాహ్నం 2.

ప్రశ్న: మనుషుల సంగతి సరే. కారుకు ఏమవుతుంది?

జవాబు: కారు బాధ కూడా అదే, వేడిని ఎత్తుకుపోయే గాలి చాలదు. వేడెక్కిన గాలి పలచగా ఉంటుంది. వీధి ట్రాక్ మీద సగటు వేగం తక్కువ, అంటే రేడియేటర్లలోకి దూరే గాలీ తక్కువ. మెకానిక్కులు ఇంజిన్ కవరు మీద చేప మొప్పల్లాంటి చీలికలు ఎక్కువగా తెరుస్తారు. తెరిచిన ప్రతి చీలికా గాలిని చెదరగొట్టి వేగం తగ్గిస్తుంది. శుక్రవారం ఏ కారుకు ఎన్ని చీలికలున్నాయో గమనించండి, ఆ జట్టు ఎంత భయపడుతోందో తెలిసిపోతుంది. ఈసారి స్ప్రింట్ వల్ల ప్రాక్టీసు ఒక్క గంటే, అంచనా తప్పితే సరిదిద్దుకునే వ్యవధి లేదు. పైగా 2026 కార్లలో విద్యుత్ మోటారు బలం 120 నుంచి 350 కిలోవాట్లకు పెరిగింది. బ్యాటరీనీ దాని ఎలక్ట్రానిక్సునూ చల్లబరచడం పెద్ద పనే.

రేసుకు ముందు గ్రిడ్ మీద, అంటే స్టార్ట్ గీత దగ్గర వరుసల్లో, కార్లు నిలబడ్డప్పుడు ఒకసారి జాగ్రత్తగా చూడండి. కారు పక్కన రేడియేటర్‌లోకి గాలి దూరే సైడ్‌పాడ్ నోటికి ఊదే ఫ్యాన్లు తగిలించి, వాటిలో డ్రై ఐసు వేస్తారు. తెల్లటి పొగ కారు కిందనుంచి పాకుతూ వస్తుంది. ఫార్మేషన్ ల్యాప్‌కు (రేసు మొదలయ్యే ముందు తిరిగే ఒక చుట్టుకు) ముందు ఫ్యాన్లు లాగేసిన క్షణం నుంచీ కారుకు కదలికే దిక్కు. స్టార్ట్ ఆలస్యమైతే ఇంజనీర్ల ముఖాలు వాడిపోయేది అందుకే.

బ్రేకులు వేరే కథ. కార్బన్ డిస్కు వెయ్యి డిగ్రీల దాకా వెళుతుంది. అది వేడికి కరగదు. ఎక్కువసేపు మితిమీరి వేడిగా ఉంటే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా కాలిపోతుంది, పలచబడుతుంది. ఇంకో కారు వెనకే ల్యాప్‌ల తరబడి తిరిగితే దాని వేడి గాలే మన బ్రేకులకు గాలి అందించే నాళాల్లోకి వస్తుంది. రబ్బరు ముక్కలో, ఎగిరొచ్చిన ప్లాస్టిక్ కవరో నాళానికి అడ్డం పడితే ఇక చెప్పక్కర్లేదు. డ్రైవర్ చేసేది రెండు పనులు. బ్రేకు వేసే చోటుకు ముందే యాక్సిలరేటర్ వదిలేయడం, స్ట్రెయిట్‌లో ముందు కారు నీడ నుంచి పక్కకు జరిగి శుభ్రమైన గాలి తీసుకోవడం. 2025లో హామిల్టన్ చివరి ల్యాప్‌లలో బ్రేకులు పోయి, మలుపుల్లో ట్రాక్ హద్దు దాటి అడ్డంగా కోసుకుంటూ వచ్చాడు. అందుకు 5 సెకన్ల జరిమానా పడి, అలోన్సో వెనక 8వ స్థానానికి దిగాడు.

ప్రశ్న: చల్లటి నెలలో పెట్టుకోవచ్చు కదా?

జవాబు: అలాంటి నెల అక్కడ లేదు. ఏడాది మొత్తంలో నెలసరి సగటు ఉష్ణోగ్రతల తేడా 2 డిగ్రీలే.

ప్రశ్న: వాన పడితే చల్లబడి మేలే కదా?

జవాబు: ఒంటికి కొంత మేలు, రేసుకు కాదు. పగలైతే ఎండ తారును ఆరబెడుతుంది. రాత్రి ఆ సాయం లేదు, తడిసిన గాలి నీటిని పీల్చుకోదు. 2022లో వాన వల్ల స్టార్ట్ గంటా 5 నిమిషాలు ఆలస్యమైంది. ఆ తర్వాత కూడా ట్రాక్ ఆరడానికి చాలాసేపు పట్టింది. తొందరపడి పొడి టైర్లు వేసుకున్న రస్సెల్ జారుతూ నానా అవస్థ పడ్డాడు. చివరికి రెండు గంటల గడువు ముగిసి అప్పటి 61 ల్యాప్‌లకు 59తోనే ఆపారు, గెలిచింది పెరెజ్.

ప్రశ్న: మేం నలుగురం స్టాండ్ టికెట్లు తీసుకున్నాం. ఇంట్లో పెద్దావిడ కూడా వస్తున్నారు. వేడికి ఎలా సిద్ధం కావాలి?

జవాబు: ముందు టికెట్ మీద ఏ జోన్ అని రాసి ఉందో చూసుకోండి. నాలుగు జోన్లు ఉంటాయి. జోన్ 4 టికెట్‌తో జోన్ 1లోకి రానివ్వరు. తప్పు గేటు దగ్గరికి వెళితే కంచెల చుట్టూ తిరిగి రావడానికే చాలాసేపు నడవాలి, పెద్దావిడకు అదే అసలు శ్రమ. సిటీ హాల్, ఎస్ప్లనేడ్, ప్రామెనేడ్ ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్లలో మీ గేటుకు ఏది దగ్గరో ముందురోజే చూసి పెట్టుకోండి. చిన్న పోటీల కోసం మధ్యాహ్నమే వెళ్లి కూర్చోకండి. అక్కడ పొద్దు గుంకేది సాయంత్రం 7కి కాస్త ముందు. అప్పటిదాకా ఏసీ ఉన్న చోట ఉండటం మంచిది.

దాహం వేసేదాకా ఆగవద్దు. నడుస్తున్నప్పుడు 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్లు. గంటకు లీటరున్నర మించకూడదు. ఒట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వికారం వస్తాయి. ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి. లేకపోతే లీటరు నీటికి 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. పెద్దావిడకు బీపీ, గుండె జబ్బు, కిడ్నీ సమస్య ఉంటే ఉప్పు, నీళ్ల కొలత డాక్టర్‌నే అడగాలి. బయటి నీళ్ల సీసాలపై ఆంక్షలు మీ టికెట్ నియమాల్లో ఉంటాయి, చదవండి.

నూలు చొక్కా అందరూ చెప్పే మాట. పొడి వేడికి అది బాగుంటుంది. ఈ ఉక్కలో మాత్రం తడిసి ఒంటికి అతుక్కుని రాత్రంతా ఆరదు. పలచటి, వదులు ఆటల చొక్కా మేలు. జత సాక్సులు అదనంగా. తొడలు ఒరుసుకునే చోట వాజిలిన్, ఇది నవ్వే విషయం కాదు, రెండో రోజు నడవలేకపోయేది దీనివల్లే. స్టాండ్‌లో గొడుగు తెరిస్తే వెనకవాళ్లకు అడ్డం, కాబట్టి రెయిన్ పోంచో. వాన తగ్గగానే తీసేయాలి, లోపల ఆవిరి పడుతుంది.

కెమెరా ఉంటే ఒక జాగ్రత్త. ఏసీ గదిలోంచి తెచ్చి వెంటనే తీస్తే లెన్సు మీద మంచు పట్టినట్టు నీటి పొర కమ్ముతుంది. జిప్ కవరులో మూసి బయటికి తెచ్చి, అరగంట అయ్యాక తెరవండి.

ఎవరైనా తల తిరుగుతోందంటే నీడకు తీసుకెళ్లి, పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి, కొద్దికొద్దిగా తాగించండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బ, చెమట పడుతోంది కదా అని ధైర్యపడొద్దు. 995కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోగా మెడ, చంకలు, గజ్జల్లో ఐసు పెట్టి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

ప్రశ్న: ఇంట్లో టీవీలో చూసేవాళ్లం దేనిమీద కన్నేయాలి?

జవాబు: గడియారం మీద. 62 ల్యాప్‌లు అడ్డంకి లేకుండా సాగితే గంటా 40 నిమిషాలు పడుతుంది, 2024లో, 2025లో అంతే పట్టింది. గడువు రెండు గంటలు. చేతిలో ఉన్నది 20 నిమిషాలు. 2008 నుంచి 2023 దాకా ఇక్కడ సేఫ్టీ కారు (ప్రమాదం జరిగితే అన్ని కార్లనూ తన వెనక నెమ్మదిగా నడిపించే కారు) రాని రేసు ఒక్కటీ లేదు, మొదటిసారి రానిది 2024లోనే. రెండుసార్లు సేఫ్టీ కారు, మధ్యలో ఓ వాన జల్లు పడ్డాయంటే ల్యాప్ సంఖ్య వదిలేసి నిమిషాలు లెక్కపెట్టండి. 50వ ల్యాప్ దాటాక డ్రైవర్ రేడియోలో జవాబులు పొట్టిగా వస్తున్నాయా, బ్రేకు వేసే చోటు ల్యాప్‌కో రకంగా మారుతోందా చూడండి. అలసట ముందు బయటపడేది అక్కడే.