లైవ్‌లో స్పష్టంగా ఉన్న సీసీటీవీ, రికార్డింగ్‌లో ఎందుకు మసకబారుతుంది?

రాయగడలో మీ కొట్టు కెమెరా లైవ్‌లో బాగుండి, రికార్డింగ్‌లో మొహాలు గళ్లుగళ్లుగా వస్తున్నాయన్నారు. కెమెరాను మార్చకండి, ముందు డీవీఆర్ (కెమెరాల వీడియోను హార్డ్‌డిస్క్‌లో దాచే పెట్టె) బిట్‌రేట్ చూడండి, అంటే సెకను వీడియోకు అది ఎన్ని బిట్ల డేటా కేటాయిస్తుందో.

లైవ్ బొమ్మ డీవీఆర్ గుండా కుదించకుండానే టీవీకి వస్తుంది. హార్డ్‌డిస్క్‌లోకి వెళ్లేది మాత్రం కుదించినది. 2 మెగాపిక్సెల్ వీడియోను కుదించకుండా దాచాలంటే సెకనుకు 600 మెగాబిట్లు దాటుతుంది. డీవీఆర్ దాన్ని 2 లేదా 4 మెగాబిట్లలోకి నొక్కేస్తుంది. బొమ్మలో మారిన భాగాలకే ఎక్కువ బిట్లు వాడుతుంది కాబట్టి కదలని గోడకు ఇది చాలు. కానీ వాన కురిసే రాత్రి ప్రతి చినుకూ కొత్త కదలికే, చీకట్లో బొమ్మ మీద మినుకుమనే చుక్కలూ అంతే. బిట్లన్నీ వాటికే ఖర్చయిపోతాయి. పర్లాకిమిడిలో మా బావగారి మందుల షాపు ముందు ఆటో గుద్దేసి పోతే, నంబరు ప్లేటు తెల్లటి ముద్దలా మిగిలింది. అక్కడ బిట్‌రేట్ 512 కిలోబిట్లే పెట్టి ఉంది! ఒకసారి పోయిన వివరం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి రాదు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

డీవీఆర్ సెట్టింగ్స్‌లో మెయిన్ స్ట్రీమ్‌ను (డిస్క్‌లో రికార్డయ్యే ప్రధాన వీడియోను) కెమెరాకు సెకనుకు 4 మెగాబిట్లకు పెంచండి. నాలుగు కెమెరాలకు రోజుకు సుమారు 173 జీబీ అవుతుంది, అంటే 1 టీబీ డిస్క్‌లో ఐదారు రోజులే. ఆ ఐదారు రోజులు చాలవంటే హెచ్.265 అనే కొత్త తరహా కుదింపు పద్ధతికి మార్చండి, దాదాపు సగం బిట్లతోనే అదే నాణ్యత వస్తుంది. సెకనుకు తీసే ఫ్రేములు (విడి బొమ్మలు) 25 నుంచి 15కి తగ్గించినా ఫర్వాలేదు, అదే బిట్‌రేట్‌లో ఒక్కో ఫ్రేముకు ఎక్కువ బిట్లు దక్కుతాయి.